దారి గుర్రానికి తెలుసు

గజపతుల సీమలో గుర్రం స్వారీ ఏమిటి అనుకుంటున్నారా? విజయనగరానికి పడమట కొండలెక్కి చూడండి. జీపు ఆగిపోయిన చోట గుర్రం కనిపిస్తుంది. అలా ఓ గూడెంలో, అప్పుడే పని నేర్చుకుంటున్న ఓ పడుచు గుర్రంతో గడిపిన రెండు రోజుల ముచ్చట ఇది.

శ్రీకాకుళం పిల్లలకు గుర్రమంటే మొదట గుర్తొచ్చేది అరసవల్లి. అక్కడ సూర్యనారాయణస్వామి రథానికి ఏడు గుర్రాలు. పగ్గాలు పట్టుకునేది తొడలు లేని అనూరుడు. ఓసారి రథసప్తమికి మా అన్నయ్య కూతురు వచ్చింది. గంటల తరబడి క్యూలో నిలబడి దర్శనం చేసుకుని బయటికొచ్చాక ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

‘‘అత్తా, మన దగ్గర నిజం గుర్రాలు ఎక్కడుంటాయి?’’

చటుక్కున జవాబు తట్టలేదు. విశాఖ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకు తిప్పేవి ఉన్నాయి. పెళ్లి ఊరేగింపుల్లో పూలదండలు వేసుకుని నిలబడేవి ఉన్నాయి. జట్కాల కాలం ఎప్పుడో పోయింది. మరి పొద్దున్నే లేచి పనిలోకి వెళ్లే గుర్రం మన ప్రాంతంలో ఇంకా ఉందా? ఉందని తెలిసిన వాళ్లు చెప్పారు. అలా మొదలైంది ఈ ప్రయాణం.

ఏనుగుల సీమలో...

నిజానికి మనది గుర్రాల సీమ కాదు. పూర్వం ఢిల్లీ సుల్తానుల్ని అశ్వపతులనీ, ఒడ్డె రాజుల్ని గజపతులనీ, హంపీ విజయనగర రాయల్ని నరపతులనీ పిలిచేవారు. ఎవరి సైన్యంలో ఏది బలమో దాన్నిబట్టి ఆ బిరుదు. మన విజయనగరం పూసపాటి వారు కూడా గజపతులే. మేలుజాతి గుర్రం కావాలంటే అరబ్బు దేశాల నుంచో, పర్షియా నుంచో ఓడలో రావాల్సిందే. అందుకే అది రాజులకూ, సైన్యాలకూ దక్కిన జంతువు. 1713లో కట్టడం మొదలైన విజయనగరం కోటను చూసినా, 1757 జనవరి 24న నెత్తురోడిన బొబ్బిలిని తలచుకున్నా మన కళ్లముందు గుర్రాలు దౌడు తీస్తాయి. ఆ సంస్థానాలు పోయాయి. గుర్రపుసాలలూ పోయాయి. ఏనుగులు మాత్రం ఇప్పటికీ ఒడిశా వైపు నుంచి దిగి పార్వతీపురం మన్యం పొలాల్లో తిరుగుతూనే ఉన్నాయి!

కానీ ఏ రాజూ పట్టించుకోని ఓ గుర్రం కొండల్లో మిగిలిపోయింది. పొట్టిది. జాతి పేరంటూ లేనిది. అనంతగిరి, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి వైపు గూడేల్లో కాఫీ గింజలూ, మిరియాలూ, పసుపూ కిందికి దించేది, ఉప్పూ, బియ్యమూ పైకి మోసేది అదే. జి.మాడుగుల మండలంలో ఓ మాస్టారు గుర్రమెక్కి కొండమీది బడికి వెళ్లి పాఠాలు చెప్పిన సంగతి కొన్నేళ్ల కిందట పత్రికల్లో చదివే ఉంటారు. ఆ గుర్రం ఇదే!

నేను ఎంచుకున్నది విజయనగరం వైపు నుంచి ఎక్కే దారి. ఊరు దాటి పాతిక కిలోమీటర్లు వెళ్తే గజపతినగరం. గుర్రాన్ని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు ఏనుగు పేరున్న ఊరు ఎదురు రావడం తమాషాగా లేదూ! అక్కడి నుంచి మెంటాడ, ఆపైన చంపావతి నది మీద కట్టిన ఆండ్ర రిజర్వాయర్. నీళ్లకు అవతల నీలంగా తూర్పు కనుమలు. ఆ కొండల మీద అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలం గూడేలున్నాయి. తారు రోడ్డు అయిపోయాక కొంతదూరం ఆటో, మరికొంత దూరం మట్టి బాట. ఆ తర్వాత రెండు కాళ్లే.

నవంబరు నెల. వలిసెలు పూసి కొండవాలు పసుపు దుప్పటి కప్పుకుంది. మూడు గంటలు ఎక్కేసరికి ఊపిరి ఎగిసిపడింది. ఆ దారినే ఒకామె చంటిబిడ్డను వీపున కట్టుకుని, నెత్తిన మూటతో నన్ను దాటుకుని వెళ్లిపోయింది. ఆమెకు ఆయాసమే లేదు!

బుల్లోడితో పరిచయం

గూడెం చివర పనసచెట్టు కింద కనిపించాడు బుల్లోడు. ముదురు గోధుమ రంగు. నల్లటి జూలు. నుదుటి మీద చిన్న తెల్లమచ్చ. ఎత్తు నా భుజం దాకా కూడా లేదు. గుర్రమనగానే సినిమాల్లో చూసినదే ఊహించుకున్నానేమో, మొదట కాస్త నిరుత్సాహపడిన మాట నిజం. భుజం దగ్గర నాలుగడుగుల పది అంగుళాలకు మించనివాటిని పోనీలంటారు. బుల్లోడు అంతకన్నా చాలా తక్కువ. ఇరుకు మలుపుల్లో, జారుడు రాళ్లమీద పొట్టితనమే మేలని మర్నాటికిగానీ నాకు అర్థం కాలేదు.

దాని యజమానికి యాభై ఏళ్లుంటాయి. ‘బాబాయ్’ అని పిలిచాను. పాత గుర్రం కిందటి వర్షాకాలంలో రేషన్ బియ్యంతో వస్తూ కాలుజారి వాగులో పడి చనిపోయిందట. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ప్రతి గింజా నెత్తిమీదే పైకెక్కుతోంది. ‘‘మోకాళ్లు పోనాయమ్మా. నావీ, మా ఆడోళ్లవీ’’ అన్నాడు. బుల్లోణ్ని పిల్లగా ఉన్నప్పుడే కొన్నాడు. మూడేళ్లు నిండి ఆరు నెలలైంది. మూడు నెలలుగా పని నేర్పుతున్నాడు. మర్నాడు మొదటిసారి బరువుతో కొండ దిగి ఎక్కాలి. కాఫీ కోత ముదిరేలోగా అది చేతికి అందిరావాలి. లేకపోతే ఆ ఏడు కూడా బస్తాలన్నీ మనుషుల నెత్తిమీదే.

ఆత్రంగా ఎదురుగా వెళ్లి నుదురు నిమరబోయాను. బుల్లోడు తల ఎగరేసి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

‘‘అలగ కాదమ్మా. పక్కనుంచి రా. దానికి నువ్వగుపడాల’’ అన్నాడు బాబాయ్.

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందువల్ల చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు. సరిగ్గా ముక్కు ముందర, తోక వెనక. నేను చెయ్యి పెట్టబోయింది దానికి కనిపించని చోట! పొంచి ఉన్న పులికి దొరక్కుండా పరిగెత్తి బతికిన జాతి కదా, కనిపించనిదల్లా దానికి శత్రువే.

ఈసారి ఎడమవైపు నుంచి, మాట్లాడుతూ, మెల్లగా వెళ్లాను. భుజంమీద చెయ్యి వేశాను. చర్మం ఓసారి వణికింది. ఒక చెవి నావైపు తిరిగింది. రెండోది బాబాయ్ వైపే ఉంది. ‘‘సెవులు సూడమ్మా. మనసంతా అక్కడే’’ అన్నాడాయన. రెండు చెవులూ వెనక్కి వాల్చి మెడకు అతికిస్తే కోపం. ముందుకు నిక్కబొడిస్తే ఆసక్తో, అనుమానమో. చెరోవైపు తిప్పుతుంటే ఇద్దరి మాటా వింటోందని. గంటసేపు పక్కన కూర్చుని గడ్డి అందించాక ఆ రెండో చెవి కూడా నావైపు తిరిగింది. ఆ సంతోషం చెబితే అర్థమయ్యేది కాదు!

దుప్పటితో మొదలు...

మనుమంచిభట్టు అనే కవి ‘హయలక్షణ విలాసం’ పేరుతో గుర్రాల మీద తెలుగులో ఏకంగా పద్యకావ్యమే రాశాడు. బాబాయ్ ఆ పేరు వినలేదు. ఆయన శాస్త్రమంతా చేతుల్లో ఉంది.

మొదటి వారం వీపు మీద పాత దుప్పటి వేసి తీసేవాడట. అంతే. రోజుకు పదిసార్లు. అది పట్టించుకోవడం మానేశాక గంత కట్టాడు. గోనెపట్టాలో గడ్డి కూరి కుట్టిన మెత్త అది. ‘గంతకు తగ్గ బొంత’ అని ఎన్నిసార్లు అనలేదు మనం! ఆ రెండూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చోవడం ఇక్కడ కళ్లారా చూశాను. కింద బొంత ముడత పడిందో, వీపు ఒరుసుకుని పుండవుతుంది. ఒక్కసారి నొప్పి తగిలితే గంతను చూడగానే గుర్రం బెదురుతుంది. అందుకే కట్టిన ప్రతిసారీ బాబాయ్ అరచేతిని కిందికి పోనిచ్చి తడిమి చూస్తాడు.

తర్వాత ఖాళీ గోనెలు. ఆ తర్వాత గడ్డి నింపినవి. ఆపైన పదేళ్ల మనవడు ఎక్కాడు. వాడు ఎక్కిన మొదటి రోజే బుల్లోడు గడ్డిమేటు మీదికి విసిరేశాడట. ‘‘ఏడవనేదు. మళ్లీ ఎక్కినాను’’ అని వాడే గొప్పగా చెప్పాడు.

తొందర ఎందుకు లేదంటే, మూడేళ్ల గుర్రం ఇంకా పసిదే. పాలపళ్లు ఊడి కొత్తవి రావడం సుమారు అయిదేళ్లదాకా సాగుతుంది. వెన్నెముక ఎముకలు పూర్తిగా గట్టిపడేదీ అప్పుడే. అంతకుముందే బరువెత్తితే నడుం పోతుంది. నిండా పాతికేళ్లు బతకగల జీవి పదేళ్లకే మూలపడుతుంది.

‘‘నాకూ, గుంటడికీ అలవాటైపోనాది. కొత్తోళ్లని ఎక్కనిస్తదో నేదో తెల్దు. ఊల్లో ఎవలకి అవసరమైనా ఎల్లాల కదా!’’ అన్నాడు బాబాయ్. నన్ను ఎక్కమన్నది అందుకు. నా సరదా తీర్చడానికి కాదు. ఆ మాట విన్నాక గుండె దడదడలాడింది. నేను చేసే తప్పు దానికి పాఠమైపోతే?

మరో భయం కూడా ఉంది. గుర్రం తన బరువులో అయిదో వంతు మోస్తే క్షేమమని నిపుణులు చెబుతారు. బుల్లోడు రెండు వందల కిలోలుంటాడేమో. నేను 52. అందుకే చదునుగా ఉన్న గట్టు బాట మీద కొద్దిసేపే అని ముందే మాట అనుకున్నాం.

పగ్గం ఒగ్గీండి!

గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కాలని చదివాను. నడుముకు ఎడమపక్క కత్తి వేలాడే రౌతుల కాలం నాటి అలవాటు అది. కొండల్లో ఆ లెక్క వేరు. వాలు ఎటు ఎత్తుగా ఉంటే అటునుంచే ఎక్కాలి. పల్లం వైపు నుంచి ఎక్కితే గంత జారిపోతుంది. బండమీద నిలబడి, గంత మీదికి పొట్టతో వాలి, మెల్లగా కాలు అవతలికి వేశాను. అది నిలువెల్లా బిగుసుకుపోయింది. నేనూ బిగుసుకుపోయాను. ఇద్దరం ఊపిరి పీల్చడం మరిచిపోయినట్టున్నాం.

‘‘మాటాడమ్మా’’ అన్నాడు బాబాయ్.

ఏం మాట్లాడాలి? ఏమీ తోచక ఎక్కాలు చదివాను. రెండో ఎక్కం పూర్తయ్యేసరికి బుల్లోడు ‘ఫుర్ర్’మని ముక్కుతో ఊది తల దించాడు. మనవడు పకపకా నవ్వాడు. నడక మొదలైంది.

పది అడుగులు బాగానే సాగింది. ఓ చోట బాటకు అడ్డంగా చిన్న నీటికాలువ. రెండడుగుల వెడల్పు కూడా ఉండదు. ఎడమవైపు రాయి ఆనువుగా కనిపించి పగ్గం అటు లాగాను. బుల్లోడు ఆగిపోయాడు. ఇంకాస్త లాగాను. తల పైకెత్తి, నోరు తెరిచి, వెనక్కి నడవడం మొదలెట్టాడు. వెనక వాలు. నా చేతులు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి.

‘‘ఒగ్గీండి! పగ్గం ఒగ్గీండి!’’

ఒగ్గేయడమంటే వదిలేయడం. భయంలో చెయ్యి వదలడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాను. నోటి మీద లాగుడు తగ్గగానే బుల్లోడు ఆగాడు. తల నేలకు దించి నీళ్లు వాసన చూశాడు. ముందుకాలితో ఓసారి తట్టి చూశాడు. నేను చూపించిన రాయిని వదిలేసి, కుడివైపు బురదలాంటి చోట కాలు పెట్టి, తేలిగ్గా దాటేశాడు.

బాబాయ్ ఆ రాయి దగ్గరికి వెళ్లి కాలితో నొక్కాడు. అది పక్కకు దొర్లింది.

అది అంత తెలివైనదని చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. రోజూ ఆ కాలువ దాటుతోంది కాబట్టి దానికి తెలుసు. నేను ఆ దారిన రావడం అదే మొదలు కాబట్టి నాకు తెలీదు. అంతే తేడా. అయినా పగ్గం నా చేతిలో ఉంది కదాని దారి కూడా నాదే అనుకున్నాను. ఎక్కేటప్పుడు ముందుకు వంగడం, దిగేటప్పుడు వెనక్కి వాలడం, ఎటు వెళ్లాలో చెప్పి ఎక్కడ కాలు పెట్టాలో దానికే వదిలేయడం... ఆ పూట నేను నేర్చుకున్న స్వారీ ఇంతే. అర కిలోమీటరు కూడా ఉండదు. దిగాక తొడలు రెండు రోజులు నొప్పెట్టాయి.

మొదటి బరువు

మర్నాడు తెల్లవారుజామున అంబలి తాగి బయల్దేరాం. మంచు. ముందు బాబాయ్, వెనక బుల్లోడు, ఆ వెనక మనవడూ నేనూ. పాత గుర్రం పడిపోయిన వాగు దగ్గర బాబాయ్ ఏమీ మాట్లాడలేదు. పగ్గం మాత్రం చేతికి చుట్టుకోకుండా వదులుగా పట్టుకున్నాడు.

వాగు దాటడం కాదు, అసలు పరీక్ష కొండ దిగాక వచ్చింది. మట్టి బాట మొదలయ్యే చోట పచ్చటి జేసీబీ నిలబడి ఉంది. రోడ్డు పని. బుల్లోడు దాన్ని చూసి బిగుసుకుపోయాడు. చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క అడుగు ముందుకు వేయడు. అంతలో డ్రైవర్ ఇంజిన్ ఆన్ చేశాడు. బుల్లోడు గిర్రున తిరిగి కొండవైపు దూకాడు. పగ్గం బాబాయ్ అరచేతిని కోసుకుంటూ జారింది. అయినా ఆయన చివర వదల్లేదు. కొట్టనూలేదు. మనవడు పరిగెత్తి వెళ్లి ఇంజిన్ ఆపమని డ్రైవర్‌ను బతిమాలాడు.

తర్వాత గంటసేపు జరిగింది ఏమీ లేదు. బాబాయ్ దాన్ని జేసీబీ చుట్టూ తిప్పాడు. మొదట వంద అడుగుల దూరంలో. తర్వాత ఎనభై. యాభై. మధ్యలో గడ్డి మేపాడు. చివరికి ఆ ఇనుప తొట్టి పక్కన నిలబెట్టాడు. బుల్లోడు దాన్ని వాసన చూసి, ముక్కు చీదాడు. ‘‘ఇదీ తెలాల దానికి. రేపు రోజూ అగుపడతాది కదా’’ అన్నాడు నెత్తురు కారుతున్న అరచేతిని తువ్వాలుకు తుడుచుకుంటూ.

రోడ్డు సంగతి అడగకుండా ఉండలేకపోయాను. ఈ కొండల్లో రోగుల్నీ, నిండు చూలాళ్లనీ డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు ఎన్ని చదివాం! 2020లో సాలూరు మండలం కొదమ పంచాయతీ గిరిజనులైతే ఎదురుచూసి విసిగి, చందాలు వేసుకుని సొంతంగా కొండ తవ్వి బాట వేసుకున్నారు. గూడేలకు రోడ్లు వేసేందుకు సుమారు రూ.1,005 కోట్లతో ‘అడవితల్లి బాట’ పథకాన్ని 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ప్రారంభించారు. రోడ్డు వచ్చిన ఊళ్లో మోటారు సైకిలు వస్తుంది. గుర్రం అవసరం తగ్గుతుంది. దేశం మొత్తం మీద కూడా అంతే. 2012 పశుగణనలో 6.3 లక్షలున్న గుర్రాలూ, పోనీలూ 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి.

‘‘మరి రోడ్డొస్తే బుల్లోణ్నేం చేస్తావు బాబాయ్?’’

‘‘రావాలమ్మా. డోలీ మొయ్యడం ఏటనుకున్నావు? రోడ్డొస్తే అంతకన్నా ఏటి కావాల!’’ అని కాసేపు ఆగాడు. ‘‘అయినా రోడ్డు ఊరి దాకే కదా. కాఫీ తోట దాకా ఎవులేత్తారు? ఇదే ఎల్లాల.’’

నాలాంటి వాళ్లం గుర్రం పోతుందని దిగులు పడతాం. ఆయనకు అలాంటి దిగులేమీ లేదు. మనిషికి రోడ్డు కావాలి. తోటకు గుర్రం కావాలి. రెండూ ఉంటే మోకాళ్లకు విశ్రాంతి.

డిపో దగ్గర చెరోవైపు ఇరవై కిలోల చొప్పున బియ్యం కట్టారు. ఒక పక్క అరకిలో ఎక్కువైనా గంత ఒరుగుతుందని చేత్తో ఎత్తి చూసి మరీ సరిచేశాడు. తిరుగు ప్రయాణంలో నేను కొండ మొదట్లోనే ఆగిపోయాను. జేసీబీ ఇంజిన్ నడుస్తోంది. బుల్లోడు ఒక చెవి దానివైపు తిప్పి, రెండో చెవి బాబాయ్ వైపు ఉంచి, పక్కనుంచి నడుచుకుంటూ పోయాడు. మూడో మలుపు దాకా కనిపించారు. ఆ తర్వాత మంచు.

ఇంటికొచ్చి మా అన్నయ్య కూతురికి ఫోన్ చేశాను. ‘‘నిజం గుర్రాన్ని చూశానే!’’ అన్నాను.

‘‘ఎక్కావా అత్తా? పరిగెత్తిందా?’’

‘‘లేదమ్మా, నడిచింది. బియ్యం మోసుకొచ్చింది’’ అన్నాను. కాస్త నిరాశపడినట్టుంది. వచ్చే సెలవుల్లో తీసుకెళ్తానని మాటిచ్చాను. అప్పటికి రోడ్డు ఎంతవరకు వస్తుందో చూడాలి.

మీరూ వెళ్తారా?

వలిసెలు పూసే నవంబరు, డిసెంబరు నెలలు అనువైన కాలం. విజయనగరం నుంచి గజపతినగరం, మెంటాడ మీదుగా ఆండ్ర రిజర్వాయర్ దాకా రోడ్డుంది. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ రోడ్డు మీదుగానూ కొండలెక్కవచ్చు. రైలంటే ఇష్టమైతే కొత్తవలస - కిరండూల్ మార్గంలో ఎస్.కోట, బొడ్డవర దాటి సొరంగాల్లోంచి వెళ్లే దారి ఉండనే ఉంది. గూడేల్లో గుర్రం కనిపిస్తే ఎక్కేయాలని తొందరపడకండి. అది ఓ ఇంటి బతుకుతెరువు. యజమానిని అడగండి. ఎదురుగానో వెనకనుంచో కాక, పక్కనుంచి వెళ్లండి. లేతగుర్రమైతే ఎక్కకండి, పక్కన నడవండి. నడిస్తే దారి కూడా బాగా కనిపిస్తుంది.